కీబోర్డ్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది కీస్‌నే

కీబోర్డ్ కొందామని దుకాణానికి వెళ్తే అమ్మేవాళ్లు మొదట వినిపించేవి టోన్లు. గ్రాండ్ పియానో, ఆ వెంటనే స్ట్రింగ్స్, ఆ తర్వాత తబలా లూప్ మీద ఒక పాట ముక్క. కొనేవాళ్లు అడిగేవీ అవే: ఎన్ని టోన్లున్నాయి, ఇండియన్ టోన్లున్నాయా, పెన్‌డ్రైవ్ పెట్టుకోవచ్చా. వేళ్ల కింద ఉన్న ఆ 61 ప్లాస్టిక్ ముక్కల గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. మహా అయితే రెండు కీస్ నొక్కి "స్మూత్‌గానే ఉంది" అనేసి బిల్లు రాయించుకుంటారు.

ఈ వరుస తిరగెయ్యాలన్నది నా వాదన. టోన్ నచ్చకపోతే దారులు బోలెడు: కొత్త టోన్లు లోడ్ చేసుకోవచ్చు, ల్యాప్‌టాప్‌కి కలిపి సాఫ్ట్‌వేర్ పియానో వాడుకోవచ్చు, పక్కన ఒక సౌండ్ మాడ్యూల్ (కీస్ లేని టోన్ల పెట్టె) పెట్టుకోవచ్చు. స్పీకర్లు మార్చుకోవచ్చు, పెడల్ మార్చుకోవచ్చు. కీస్ మాత్రం కొన్న రోజున ఏవో, అమ్మేసే రోజున కూడా అవే. పైగా ఆ పెట్టెలో మీ చెయ్యి రోజూ తగిలేది వాటికే.

కంపెనీలకి ఈ సంగతి బాగా తెలుసు. యమహా 2016లో తెచ్చిన మాంటాజ్6, 2018లో తెచ్చిన మోడెక్స్6 పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ శబ్దం పుట్టించే పద్ధతి ఒకటే: ఏడబ్ల్యూఎం2, ఎఫ్‌ఎం-ఎక్స్. మోడెక్స్‌లో ఎఫ్‌ఎం-ఎక్స్ స్వరాలు ఒకేసారి 64, మాంటాజ్‌లో 128. పెట్టె కట్టుబడిలో, బయటికి వచ్చే శబ్దం నాణ్యతలో కొంత తేడా ఉంది. కానీ ఆడిటోరియంలో వెనక వరసలో కూర్చున్నవాళ్లు ఏది ఏదో చెప్పలేరు. వాయించేవాళ్లకి మాత్రం మొదటి నిమిషంలోనే తెలుస్తుంది, ఎందుకంటే మాంటాజ్6లో ఎఫ్‌ఎస్‌ఎక్స్ అనే మేలురకం కీస్, ఆఫ్టర్‌టచ్‌తో (కీ దిగాక ఇంకా అదిమితే పుట్టే సంకేతంతో) సహా. మోడెక్స్6 కీస్‌కి ఆఫ్టర్‌టచ్ లేదు. మొదటిది 15 కిలోలు, రెండోది 6.6 కిలోలు. రోలాండ్ కూడా అంతే, ఫాంటమ్6లో ఆఫ్టర్‌టచ్ పెట్టి, ధర తగ్గించి తెచ్చిన ఫాంటమ్-06లో తీసేసింది. కోర్గ్ అయితే 2020లో నాటిలస్‌ని ఆఫ్టర్‌టచ్ లేకుండా వదిలి, తర్వాత ఆఫ్టర్‌టచ్ చేర్చి నాటిలస్ ఏటీ పేరుతో మళ్లీ అమ్మింది. ధర తగ్గించాలనుకున్నప్పుడు కంపెనీల కత్తెర ముందు పడేది కీస్ మీదే. ఆ కోత బ్రోషర్‌లో ఎక్కడా పెద్ద అక్షరాల్లో కనపడదు.

బరువుంటే మంచి కీసేనా

మంచి కీస్ అనగానే చాలామంది బరువైన కీస్ అనుకుంటారు. ఇది సగమే నిజం. ముందు రకాలు చెప్పుకుందాం. కీ కింద స్ప్రింగ్ ఒక్కటే ఉంటే సింథ్ యాక్షన్. స్ప్రింగ్‌తో పాటు కీ ముందు భాగంలో చిన్న లోహపు బరువు అతికిస్తే సెమీ వెయిటెడ్. స్ప్రింగ్ బదులు, కీ నొక్కినప్పుడల్లా ఒక చిన్న సుత్తి లేచి పడేలా చేస్తే హామర్ యాక్షన్. మూడింట్లోనూ మంచివీ ఉన్నాయి, చెత్తవీ ఉన్నాయి. నాసిరకం హామర్ కన్నా మంచి సింథ్ యాక్షన్ నూరుపాళ్లు మేలు.

తేడా కంటితో చూడాలంటే జేబులో చిల్లర చాలు. 2019 తర్వాత వచ్చిన కొత్త రూపాయి నాణెం 3.09 గ్రాములు, వెడల్పు 20 మిల్లీమీటర్లు. తెల్ల కీ వెడల్పు 22, 23 మిల్లీమీటర్లు కాబట్టి దాని మీద సరిగ్గా పడుతుంది. పది రూపాయల బిళ్ల పనికిరాదు, అది 27 మిల్లీమీటర్లు, కీ దిగేటప్పుడు పక్క కీస్ మీద ఆనుకుంటుంది. కీబోర్డ్ ఆపేసి, నడిమి సీ కీ ముందంచు మీద ఒక్కో నాణెం పేర్చుకుంటూ పోండి. మామూలు గ్రాండ్ పియానోలో నడిమి కీ దిగడానికి సుమారు 50 గ్రాములు కావాలి, అంటే 16 నాణేలు. హామర్ కీ ఒక సంఖ్య దగ్గర కదిలిందంటే ఇక ఆగకుండా నెమ్మదిగా కిందిదాకా పోతుంది. స్ప్రింగ్ కీ అలా పోదు. కాస్త దిగి ఆగుతుంది, ఇంకో రెండు నాణేలు వేస్తే ఇంకాస్త దిగుతుంది. స్ప్రింగ్‌ని ఎంత వంచితే అంత ఎదురు తిరుగుతుంది కాబట్టి కీ అడుక్కి వెళ్లేకొద్దీ గట్టిపడుతుంది. సుత్తి బరువు మొదట్లో ఎంతో చివర్లోనూ దాదాపు అంతే. దాని ఎదురు వేరే చోట ఉంటుంది: వేగంగా కొట్టినప్పుడు ఆ సుత్తిని కదిలించడానికి అదనపు బలం పెట్టాలి. నాణేలకి ఆ జడత్వం తెలియదు, వేలికి తెలుస్తుంది. అందుకే నాణేల పరీక్షలో దాదాపు ఒకేలా కనిపించిన రెండు కీబోర్డులు చేతికి పూర్తిగా వేరుగా తగులుతాయి.

ఈ పరీక్షతో తేలే అసలు విషయం ఇంకొకటి ఉంది. పక్కపక్కన ఉన్న నాలుగైదు తెల్ల కీస్ మీద అదే కుప్ప మార్చి మార్చి పెట్టండి. ఒకదానికీ ఇంకోదానికీ ఒక నాణెం తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. మూడు నాలుగు నాణేల తేడా వస్తే స్ప్రింగులు సమంగా లేనట్టు, లేదా కీ గైడ్‌లో గ్రీజు ఎండిపోయినట్టు. నా లెక్కలో బరువు ఎంతుందన్నది రుచి. బరువు అన్ని కీస్‌కీ ఒకేలా ఉందా అన్నది నాణ్యత.

శ్రుతి పెట్టి పరీక్షించండి

దుకాణంలో అందరూ సీ మేజర్‌లో, కీస్ ముందంచుల మీద వాయించి చూస్తారు. మన పాట అక్కడ ఉండదు. మగ గొంతుకి ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతి. ఆడ గొంతుకి నాలుగున్నర, ఐదు, ఐదున్నర. ఒకటిన్నర అంటే సీ షార్ప్, నాలుగున్నర అంటే ఎఫ్ షార్ప్. రెండూ నల్ల కీస్ మీద మొదలయ్యేవే. ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి సీ లో వాయించేసేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ హార్మోనియం మీద చెయ్యి తిరిగినవాళ్లు శ్రుతి ఎక్కడుంటే అక్కడే వాయిస్తారు. పాట మధ్యలో ట్రాన్స్‌పోజ్ ఎంతలో ఉందో మరిచిపోయి స్టేజి మీద తెల్లమొహం వేసే ప్రమాదం వాళ్లకి లేదు.

ఒకటిన్నర శ్రుతిలో మాయామాళవగౌళ సరళీస్వరాలు వాయించండి. షడ్జమం, మధ్యమం, పంచమం నల్ల కీస్ మీద పడతాయి. రిషభం డీ, గాంధారం ఎఫ్, ధైవతం ఏ, నిషాదం సీ: నాలుగూ తెల్లవి, చెయ్యి నల్ల కీస్ మీద ఉంటుంది కాబట్టి వేలు వీటిని నొక్కేది నల్ల కీస్ మధ్య, బాగా లోపలికి. చవక కీస్ బండారం ఇక్కడ బయటపడుతుంది. కీ వెనకాల తిరిగే ఇరుసు వేలికి ఎంత దగ్గరైతే నొక్కడం అంత కష్టం. పొట్టి కీబెడ్‌లో (కీస్ బిగించిన చట్రంలో) ఆ ఇరుసు నల్ల కీ వెనకంచుకి కాస్త దూరంలోనే ఉంటుంది. ముందంచు మీద వేసినంత బలమే లోపల వేస్తే కీ మెల్లగా దిగుతుంది, స్వరం చిన్నగా వస్తుంది. ఫలితంగా సరళీస్వరాల్లో షడ్జ పంచమాలు గట్టిగా, రిషభ ధైవతాలు నీరసంగా వినిపిస్తాయి. వాయించేవాళ్లు తమ చెయ్యి బాగాలేదనుకుంటారు. చెయ్యి బాగానే ఉంది, ఇరుసు దగ్గరైంది.

తర్వాత అదే శ్రుతిలో జంటస్వరాలు, మూడో కాలంలో. కీ పూర్తిగా పైకి లేవకముందే మళ్లీ నొక్కితే రెండో స్వరం పలుకుతోందా లేదా? అడుగున రెండు కాంటాక్టులు (చిన్న స్విచ్‌లు) ఉండే కీస్‌లో పై కాంటాక్ట్ విడిపోయేదాకా కీ లేస్తేనే మళ్లీ పలుకుతుంది. మూడు సెన్సర్లున్న హామర్ కీస్‌లో సగం లేచినా చాలు. స్ప్రింగ్ కీ ఎలాగూ చటుక్కున లేస్తుంది కాబట్టి రెండు కాంటాక్టులతోనే నెట్టుకొస్తుంది. హామర్ కీబోర్డ్ కొంటుంటే మాత్రం మూడు సెన్సర్లున్నాయా అని అడిగి తీరాలి.

మినీ కీస్ గురించి ఒక్క మాటతో సరిపెడతాను: ప్రయాణాల్లో ట్యూన్ గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తాయి, చెయ్యి కుదర్చుకోవడానికి పనికిరావు. మామూలు కీబోర్డులో ఒక ఆక్టేవ్ సుమారు 165 మిల్లీమీటర్లు ఉండాలి, స్కేలు పెట్టి కొలవండి.

కీ కింద ఏం జరుగుతుంది

కీ కింద రబ్బరు పట్టీ ఉంటుంది, దాని మీద చిన్న చిన్న గోపురాల్లాంటి బుడిపెలు. ఒక్కో కీకి రెండు బుడిపెలు, వాటి లోపల నల్లటి కార్బన్ బిళ్లలు. కీ దిగేటప్పుడు ముందు ఒక బిళ్ల సర్క్యూట్ బోర్డుని తాకుతుంది, కొంచెం తర్వాత రెండోది. మధ్యలో గడిచిన సమయాన్ని ప్రాసెసర్ కొలుస్తుంది. గట్టిగా కొడితే కొద్ది మిల్లీసెకన్లు, మెల్లగా నొక్కితే పదుల మిల్లీసెకన్లు. కీబోర్డుకి మీ బలం తెలియదు, ఈ సమయం ఒక్కటే తెలుసు. దాన్ని 1 నుంచి 127 మధ్య ఒక అంకెగా మార్చి పంపుతుంది. అదే వెలాసిటీ.

61 కీస్‌కి రెండేసి చొప్పున 122 స్విచ్‌లు. ఒక్కోదానికి ఒక్కో తీగ లాగడం కుదరదు కాబట్టి అడ్డం నిలువుగా గళ్లలా కలిపి, 8 నిలువు 16 అడ్డం గీతల్లో అన్నిటినీ సర్దుతారు. ఒక్కో స్విచ్‌కి ఒక్కో డయోడ్ లేకపోతే మూడు నాలుగు కీస్ ఒకేసారి నొక్కినప్పుడు నొక్కని స్వరం పలుకుతుంది. ఈ గళ్ల లెక్క తెలిస్తే రిపేరు దగ్గర ఎవరూ మిమ్మల్ని బోల్తా కొట్టించలేరు. అక్కడొకటి ఇక్కడొకటి కీ పలకకపోతే కాంటాక్ట్ మురికి. వరసగా ఎనిమిది కీస్, లేదా ప్రతి ఎనిమిదో కీ పలకకపోతే అది మురికి కాదు, ఒక గీత మొత్తం తెగింది: రిబ్బన్ కేబుల్ ఊడిందో, సోల్డర్ విరిగిందో. రెండోదానికి రబ్బరు పట్టీ మార్చాలని బిల్లు వేస్తే ఒప్పుకోకండి.

ఒక కీ మాత్రం ఎప్పుడూ ఫెళ్లున మోగుతుంటే రెండు కాంటాక్టుల మధ్య దూరం తప్పినట్టు. మురికి వల్ల మొదటి బిళ్ల ఆలస్యంగా తగిలి రెండోది వెంటనే తగిలితే, ప్రాసెసర్ అది మెరుపు దెబ్బ అనుకుంటుంది. పియానో టోన్‌లో ఇది ఇంకా వికారంగా వినిపిస్తుంది, ఎందుకంటే వెలాసిటీ ఒక గీత దాటితే సాఫ్ట్ శాంపిల్ (మెత్తగా వాయించి రికార్డు చేసిన శబ్దం) పోయి హార్డ్ శాంపిల్ వస్తుంది. అన్ని స్వరాలూ మెత్తగా, ఒక్కటి మాత్రం ఇనుము మీద కొట్టినట్టు.

ఇదంతా అంకెల్లో చూడాలంటే ఫోన్ చాలు. కీబోర్డ్ ఈ అంకెల్ని బయటికి పంపే పద్ధతి పేరు మిడి, ఆండ్రాయిడ్ 6 నుంచీ ఫోన్లలో ఆ సౌకర్యం ఉంది. ఒక ఓటీజీ కేబుల్, ప్రింటర్‌కి వాడే యూఎస్‌బీ కేబుల్, ఫోన్‌లో ఏదైనా ఉచిత మిడి మానిటర్ యాప్ ఉంటే పని జరుగుతుంది. కొన్ని రోలాండ్ మోడళ్లలో మాత్రం యూఎస్‌బీ డ్రైవర్ సెట్టింగ్‌ని జెనెరిక్ అని మార్చి, ఆపి మళ్లీ ఆన్ చేస్తేనే ఫోన్ గుర్తుపడుతుంది. టచ్ సెట్టింగ్ మీడియంలో పెట్టి, ఒకే కీని వీలైనంత మెల్లగా ఇరవై సార్లు నొక్కండి. పది పదిహేను, ఇరవై దగ్గర అంకెలు వస్తే బాగుంది. ఎంత మెల్లగా నొక్కినా నలభైకి తగ్గకపోతే, లేదా నలభై తర్వాత నేరుగా స్వరమే రాకపోతే, ఆ కీబోర్డులో జోలపాట వాయించలేరు. తర్వాత కింది నుంచి పైదాకా అన్ని కీస్ ఒకే దెబ్బతో వాయించండి. మనిషి చెయ్యి కాబట్టి పది అంకెల అటూ ఇటూ సహజం. ఒకే కీ ప్రతిసారీ ఇరవై ఎక్కువ చూపిస్తే కొత్తదైనా సరే ఆ పీసు వద్దు, ఇంకోటి తెరవమనండి. కొన్నాక సర్వీసుకి తిప్పడం కన్నా ఆ మొహమాటం పది నిమిషాల్లో పోతుంది.

టచ్ సెట్టింగ్ సాఫ్ట్, మీడియం, హార్డ్ మార్చుకుంటే సరిపోదా అంటారు. సరిపోదు. ఆ సెట్టింగ్ వచ్చిన అంకెల్ని సాగదీస్తుంది లేదా కుదిస్తుంది, అంతే. కీ నుంచి రాని తేడాని అది పుట్టించలేదు.

హార్మోనియం నుంచి వచ్చేవాళ్లకి

మన దగ్గర కీబోర్డ్ పట్టేవాళ్లలో చాలామంది పియానో నుంచి రాలేదు, హార్మోనియం నుంచి వచ్చారు. భజన మందిరం, పద్యనాటకం, చర్చి క్వయర్, ఏదైనా కావచ్చు. హార్మోనియం మెట్టు తేలిక, లోతు తక్కువ, ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెరగదు. శబ్దాన్ని పెంచి తగ్గించేది ఎడమచేతి బెల్లోస్. అంటే స్వరం మొదలయ్యాక కూడా దాన్ని ఉబ్బించొచ్చు, సన్నబరచొచ్చు. పియానో కీ ఆ పని చెయ్యలేదు, కొట్టిన దెబ్బతో దాని కథ అయిపోతుంది.

అలాంటివాళ్లని "ప్రొఫెషనల్ ఫీల్" అని ఊరించి 88 హామర్ కీస్ కొనిపించడం అన్యాయం. వాళ్లకి కావలసింది తేలికైన, సమమైన సింథ్ కీస్, బెల్లోస్ పని చేసే ఇంకో సాధనం. ఆ సాధనం ఆఫ్టర్‌టచ్ కావచ్చు, ఎక్స్‌ప్రెషన్ పెడల్ కావచ్చు. ఆఫ్టర్‌టచ్ అంటే కీ అడుక్కి దిగాక ఇంకా అదిమితే పుట్టే సంకేతం. కీస్ కింద ఫెల్ట్, దాని కింద ఒత్తిడిని కొలిచే సన్నని పట్టీ ఉంటుంది. షెహనాయ్, వేణువు, వయొలిన్ టోన్లకి దాన్ని వాల్యూమ్‌కి గానీ టోన్ వెలుగుకి గానీ కలిపితే స్వరం ఊపిరి పోసుకుంటుంది. ఎక్కువ కీబోర్డుల్లో ఉండేది ఛానల్ ఆఫ్టర్‌టచ్, ఏ వేలు అదిమినా అన్ని స్వరాలకీ ఒకే సంకేతం వెళ్తుంది. వేలివేలికీ విడిగా పంపేది పాలీ ఆఫ్టర్‌టచ్. 1977 నాటి యమహా సీఎస్-80లో ఉండేది, ఈ మధ్య హైడ్రాసింథ్‌తో మళ్లీ అందుబాటు ధరలోకి దిగింది. కుడిచేత్తో రాగం తీస్తూ కింద శ్రుతి పట్టి ఉంచేవాళ్లకి ఈ తేడా చాలా పెద్దది: ఛానల్ రకంలో రాగం ఉబ్బితే శ్రుతి కూడా ఉబ్బుతుంది.

గమకానికి ఆఫ్టర్‌టచ్ పనికొస్తుందా అంటే, నా అభిప్రాయంలో రాదు. దాన్ని పిచ్‌కి కలిపితే స్వరం ఒక వైపుకే జరుగుతుంది, పైగా తోడి గాంధారానికి కావలసిన ఊపు వేలి అదుములో నిలవదు. గమకానికి ఎడమచేతి బెండ్ వీలే దిక్కు. వీల్ రేంజ్ రెండు స్వరస్థానాలకి పెట్టుకుని సాధన చేసేవాళ్లే ఎక్కువ, అదే సరైన పద్ధతి.

ఆఫ్టర్‌టచ్ కూడా పేరుకి ఉంటే చాలదు. మిడి మానిటర్‌లో చూస్తూ మెల్లగా అదమండి. అంకె సున్నా నుంచి 127కి మెట్లు మెట్లుగా ఎక్కాలి. కొంచెం నొక్కగానే 127కి ఎగిరితే అది స్విచ్‌తో సమానం. బొటనవేలు నొప్పెట్టేదాకా ఏమీ రాకపోయినా అంతే. ఇది లేని మోడల్ కొంటున్నట్టయితే ఎక్స్‌ప్రెషన్ పెడల్ జాక్ ఉందో లేదో చూసుకోండి. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10, ఎక్స్‌పీఎస్-30, యమహా పీఎస్‌ఆర్-ఐ500 లాంటి, మన ఆర్కెస్ట్రాల్లో, ట్యూషన్లలో తిరిగే కీబోర్డుల కీస్‌కి ఆఫ్టర్‌టచ్ లేదు. అది వాటి లోపం కాదు, ఆ ధరకి అంతే.

హామర్ ఎవరికి? పియానో గ్రేడ్ పరీక్షలు రాసే పిల్లలకి, పాశ్చాత్య సంగీతం వాయించేవాళ్లకి, ఇంట్లో ఒకచోట పెట్టి కదపనివాళ్లకి. మోడెక్స్8 13.8 కిలోలు, మాంటాజ్8 29 కిలోలు, హార్డ్ కేస్ బరువు దీనికి అదనం. మన విశాఖ సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం లాంటి చోటికి, వినాయక చవితి పందిళ్లకి, ఆటోలో వేసుకుని తిరిగేవాళ్లు ఆ 29 కిలోల్ని ఎవరు మోస్తారో ముందే తేల్చుకోవాలి.

విశాఖ గాలికి

ఇంతవరకూ చెప్పింది ఏ ఊరికైనా సరిపోతుంది. మన ఊరికి ప్రత్యేకమైనది ఉప్పు. కార్బన్ బిళ్లలు తుప్పు పట్టవు, అందుకే లోహపు తీగ కాంటాక్టులు పోయి అవి వచ్చాయి. కానీ కీస్ వెనకాల స్ప్రింగులు ఉక్కువి, మరలు ఉక్కువి. ఉప్పు పొర తేమని పీల్చుకుంటుంది, దాని మీద దుమ్ము అంటుకుని బోర్డు మీద సన్నటి జిగురులా తయారవుతుంది. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు సముద్రం మీదికి తెరుచుకునే కిటికీ పక్కన స్టాండు మీద ఏళ్ల తరబడి కప్పకుండా ఉంచిన కీబోర్డులో ముందు పోయేది ఈ కీస్ వ్యవస్థే. జ్ఞానాపురం, వన్‌టౌన్ వైపైతే ఉప్పుతో పాటు పోర్టు నుంచి వచ్చే నల్లటి బొగ్గు దుమ్ము. అది మామూలు దుమ్ము కన్నా మెత్తన, కీస్ సందుల్లోంచి సులువుగా దిగుతుంది.

నేతగుడ్డ కవరు కప్పండి. ప్లాస్టిక్ షీటు వద్దు, లోపలి తేమని అది బయటికి పోనివ్వదు. కేసులో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, రంగు మారగానే ఆరబెట్టండి. ఏసీ గదిలోంచో ఏసీ కారులోంచో తీసిన కీబోర్డుని మే నెల సాయంత్రం బయట పందిట్లో పెట్టగానే ఆన్ చెయ్యకండి. చల్లని లోహం మీద మన గాలి చెమ్మ నీటి చుక్కలుగా పేరుకుంటుంది. కేసులోనే అరగంట ఉంచితే బయటి వేడికి అలవాటు పడుతుంది, అప్పుడు తీయండి.

ఇంకోటి, దసరా. ఆయుధపూజ రోజు కీస్ మీద పసుపు కుంకుమలు చల్లి, అక్షింతలు వేసి, పక్కన కొబ్బరికాయ కొడతారు. భక్తికి అడ్డు చెప్పను. బొట్టు పెట్టె పక్క అంచుకి పెట్టండి, అక్షింతలు కవరు వేసి దాని మీద వెయ్యండి, కొబ్బరికాయ నేల మీద దూరంగా కొట్టండి. కుంకుమ పొడి కీస్ సందులో పడితే నేరుగా రబ్బరు పట్టీ చేరుతుంది. బియ్యం గింజ కీ కింద ఇరుక్కుంటే ఆ కీ అడుగుదాకా దిగదు, రెండో కాంటాక్ట్ తగలదు, స్వరం రాదు. తీపి పదార్థం ఏదైనా పడితే చీమలొస్తాయి, ఒకసారి లోపల గూడు పెట్టాక వాటిని వెళ్లగొట్టడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

వారంటీ అయిపోయిన కీబోర్డులో మురికి కాంటాక్టులు ఇంట్లోనే తుడుచుకోవచ్చు. ప్లగ్ పూర్తిగా తీసేయండి. అడుగు మరలు ఒకే పొడవు ఉండవు; ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి, అక్కడే గుచ్చి పెట్టుకోండి. ప్రతి దశకీ ఫోటో తీయండి, ముఖ్యంగా రిబ్బన్ కేబుళ్లు ఏ వైపు తిరిగి ఉన్నాయో. కీస్ తీశాక రబ్బరు పట్టీలు కనపడతాయి, సాధారణంగా 12 లేదా 13 కీస్‌కి ఒక ముక్క. ఒక చివర నుంచి మెల్లగా ఎత్తండి, కార్బన్ బిళ్లలకి వేలు తగలనివ్వకండి. బోర్డు మీది నల్ల గుర్తుల్ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండిన ఇయర్ బడ్‌తో తేలిగ్గా తుడవండి. రబ్బరు బిళ్లల్ని నూలు రాలని పొడి గుడ్డతో అద్దితే చాలు. గరుకు కాగితం వద్దు, మిషను నూనె వద్దు, తుప్పు వదిలించే స్ప్రే అసలే వద్దు. ఆ నూనె రబ్బరుని ఉబ్బిస్తుంది. పావుగంట ఆరనిచ్చి పట్టీని తిరిగి బిగించేటప్పుడు దాని చిన్న కాళ్లన్నీ బోర్డు రంధ్రాల్లో పూర్తిగా దిగాలి, మొద్దుగా ఉన్న అగ్గిపుల్లతో ఒక్కోదాన్ని నొక్కండి. ఇంట్లో చేసిన రిపేర్లు చెడేది చాలావరకు ఇక్కడే. ఒక కాలు అర మిల్లీమీటరు లేచి ఉన్నా ఆ కీ రెండుసార్లు పలుకుతుంది, లేదా మీదపడి అరుస్తుంది. పెట్టె మూసేముందు ఫోన్ తగిలించి అన్ని కీస్ అంకెలు చూసుకుంటే మళ్లీ విప్పే పని తప్పుతుంది.

పాతది కొనేవాళ్లు ముందు కీబోర్డ్ తిరగేసి అడుగు మరలు చూడండి. మరల తలలు, జాక్‌ల చుట్టూ ఉన్న నట్లు ఎర్రబారి ఉంటే లోపల స్ప్రింగులూ అదే రంగులో ఉన్నాయనుకోండి. పైన ఎంత తళతళలాడినా బేరం అక్కడి నుంచి మొదలుపెట్టాలి. తర్వాత కంటిని కీస్ ఎత్తుకి దించి ఒక చివర నుంచి చూడండి, అన్ని తెల్ల కీస్ ఒకే గీతలో ఉండాలి. ఒకటి రెండు కిందికి వాలి ఉంటే స్ప్రింగ్ ఊడింది, చవకగా బాగవుతుంది. ఒకటి పక్కకి వాలి పక్క కీని రాసుకుంటుంటే వెనకాల ప్లాస్టిక్ కీలు విరిగింది, కీ మార్చాల్సిందే. మార్చే కీ దొరుకుతుందా అన్నది మోడల్ మీద ఆధారపడుతుంది. ఇటలీలో రెకనాటి ఊళ్లోని ఫాతార్ కంపెనీ కీబెడ్‌లు చాలా ఖరీదైన సింథ్‌ల్లో ఒకేలా వాడతారు కాబట్టి వాటి ముక్కలు విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు. యమహా, రోలాండ్ ఎక్కువగా అమ్ముడయ్యే మోడళ్ల పట్టీలు, కీస్ పార్ట్ నంబరుతో అడిగితే సర్వీసు సెంటర్లు తెప్పించి ఇస్తాయి. కీస్ అన్నీ ఒకే అచ్చుగా పోసిన బాగా చవక మోడళ్లలో ఒక కీ విరిగితే ఆక్టేవ్ మొత్తం కొనాలి, అదీ దొరికితే. డబ్బులు ఇచ్చేముందు ఆ పార్ట్ నంబరు రాసుకుని సర్వీసు సెంటర్‌కి ఒక ఫోన్ చేసి, సరుకు ఉందో లేదో అడగండి.